కొండ కనిపించినంత దూరం

ఒరే పోలయ్యా, మీ అమ్మని. నువ్వు ఫోనెత్తట్నేదని ఇది రికాడు సేసి పంపతన్నాను. మీ తాత సెప్పిన ఈ కత పడవెక్కే ముందు ఇనుకోరా.

సరుగుడు సెట్టు మీద ఒక సంద్రపు పిట్ట, దాని కొడుకూ ఉండీవి. ఎంత ఆకలేసినా ఒడ్డున కొండ కనిపించినంత దూరమే ఎగరాల. అది ఆళ్ళ కట్టుబాటు. కొండ గురుతు పోతే ఇంటి దారి పోయినట్టే.

ఆ ఏడు ఒడ్డు దగ్గరికి కవళ్ళ సేపలు రానేదు. కొడుకు ఎతికి ఎతికి ఒక్క సేపని బతికుండగానే ముక్కున కరుసుకొచ్చినాడు. తల్లి నోరు తెరిసే సరికి ఆ సేపే మాటాడింది.

“అమ్మా, తింటే తినీయి. మళ్ళీ నీళ్ళల్లో మాత్రం ఒదిలీకు.”

“ఓసి పిచ్చిదానా! నా ముక్కంటే నేని భయం నీళ్ళంటే ఏటే?”

“నీళ్ళు కాగిపోతన్నాయమ్మా. పెట్టిన గుడ్లు పెట్టినట్టే సచ్చిపోనాయి. మావోళ్ళంతా సల్లదనం ఎతుక్కుని సానా లోపలికి ఎల్లిపోనారు. నాను ముసిల్దాన్ని, ఈదలేకపోనాను.”

కొడుకు రెక్కలు దులిపినాడు. “ఐతే ఆళ్ళెనకే ఎల్తానమ్మా.”

“వొద్దురా! అక్కడికి కొండ కనపడదు.”

“కొండని తిని బతుకుతామేటే?” అని నవ్వీసి ఎగిరిపోనాడు.

తల్లి ఆ సేపని తిననేదు. ఇప్పటికీ ఆ కొమ్మ మీదే ఉంది. కొండ ఎక్కడున్నది అక్కడే ఉంది. దాన్ని సూసుకుని రావలసినోడే రానేదు.

మీ అన్న కూడా నవ్వీసే ఎల్లినాడురా. నువ్వు కొండని దాటి ఎల్లకు, నాయనా.