ఎండ కొలిచే అద్దం

"రోజూ పొద్దున్నే ఈ అద్దం తుడవాలమ్మా. దుమ్ము పడితే ఎండ తక్కువగా నమోదవుతుంది," అన్నాడు అరుణ్ కుమార్ మునీశ్వరితో, ఇనుప స్తంభం మీద పరికరాన్ని బిగిస్తూ.

బోర్లించిన కొబ్బరిచిప్పంత గాజు బుడ్డి అది. అతను సోలార్ కంపెనీ ఇంజనీరు. పుంగనూరు దగ్గర మల్లప్ప, మునిరత్నం అన్నదమ్ముల ఉమ్మడి చేను ఒకటి, కుప్పం వైపు మరొకటి చూశారు. రెండుచోట్లా ఏడాది పాటు ఎండను కొలిచి, ఎక్కడ ఎక్కువ పడితే ఆ చేను కౌలుకు తీసుకుని ప్లాంటు పెడతారు. అది 2009.

"మా చేనికి సాటి లేదప్పా," అన్నాడు మునిరత్నం ఉత్సాహంగా. "ఈడ చెట్టూ లేదు, నీడా లేదు. బోర్లన్నీ ఎండిపోయినాయి. ఎండకేం కొదవ!"

అతని భార్య మునీశ్వరి చూపు చేను తూర్పు మూలనే ఉంది. "సారూ, ప్లాంటు వస్తే ఆ మూల కూడా తీసుకుంటారా?"

"మొత్తం చదును చేసేస్తామమ్మా. ఏముందక్కడ?"

"మా పాప."

అరుణ్ కుమార్ చేతులు ఆగిపోయాయి. చుట్టూ రాళ్ళు పేర్చిన చిన్న మట్టిదిబ్బ అతనికి అప్పుడు కనిపించింది. జాహ్నవి. ఐదేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయింది. మదనపల్లె ఆసుపత్రి నుంచి మునిరత్నమే భుజాన వేసుకుని తెచ్చి అక్కడ పడుకోబెట్టాడు.

మునిరత్నం ఒకసారి పక్కనున్న అన్న మల్లప్ప ముఖం చూశాడు. "పోయిన బిడ్డ యాడుంటే ఏమిలే సారూ. మీరు పని సూసుకోండి."

మునీశ్వరి ఇంటికి వచ్చేదాకా ఏడుపు ఆపుకుంది. గడప దాటగానే మొగుణ్ణి నిలదీసింది.

"వద్దని ఒక్క మాట చెప్పు. మీ అన్న వినడా?"

"ఆయనకు మిగిలిన ఆశ ఇదొకటే. నాయన పోయినాక నన్ను సాకింది ఆయనే. ఆయన ముందర కాదని చెప్పే నోరు నాకు లేదు."

"నీకు మీ అన్న ఉండాడు. నా బిడ్డకు ఎవురుండారు?"

మునిరత్నం తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డించేది, నీళ్ళు పెట్టేది, అంతే.

అద్దం తుడవటం మాత్రం మానలేదు. తుడవకుండా వదిలేద్దామని ఒకసారి అనిపించకపోలేదు. కానీ జాహ్నవికి జ్వరం వచ్చినప్పుడు బండి మాట్లాడింది మల్లప్ప. ఆసుపత్రి వరండాలో రెండు రాత్రులు కూర్చున్నది మల్లప్ప భార్య. అలాంటి వాళ్ళ నోటి దగ్గర కూడు తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. రోజూ తెల్లవారుతూనే చేనికి వెళ్ళి, ముందురోజు గాలికి పట్టిన మట్టిని తడిగుడ్డతో తుడిచేది. తర్వాత దిబ్బ దగ్గర కూర్చుని ఆకాశంలోకి చూసేది. ఊరంతా వేరుశనగ కోసం మబ్బుల వైపు చూస్తుంటే, మబ్బు కమ్మితే ఎండ తగ్గుతుందని ఆమె బిడ్డ కోసం చూసేది. ఆ ఏడు మబ్బులు సదుం వైపు సాగిపోయాయే కానీ ఈ చేనిమీద సరిగా నిలవలేదు.

మునిరత్నం భోజనం చేసి మండుటెండలో చేనికి బయలుదేరేవాడు. "ఇంత ఎండలో యాడికిరా?" అని అన్న అడిగితే, "మిషన్ను సూసొస్తానన్నా. ఎవురైనా ముట్టుకుంటారేమో," అనేవాడు. ఆ మాట వింటే మునీశ్వరికి ఒళ్ళు మండేది. మిషన్ను చూడటానికి అంత దూరం పోయే మనిషి, పక్కనే ఉన్న బిడ్డ దగ్గర ఒక్క నిమిషం నిలబడతాడా అనుకునేది.

ఏడాది తిరిగాక అరుణ్ కుమార్ వచ్చాడు. మల్లప్ప ఎదురెళ్ళి కుర్చీ వేశాడు.

"సారీ మల్లప్ప గారూ. కుప్పం వైపు చేనే ఖాయమైంది. ఇక్కడ ఎండ బాగా తక్కువ వచ్చింది. నాకూ ఆశ్చర్యంగానే ఉంది."

మల్లప్ప అరుగు మీద కూలబడిపోయాడు. కాసేపటికి మరదలి వైపు తిరిగాడు. "అమ్మా, నిజం చెప్పు. దినామూ తుడిసినావా?"

"నా బిడ్డ మీద ఒట్టు బావా. ఒక్క దినం కూడా మానలేదు."

"ఆయమ్మనేమీ అనొద్దన్నా," అన్నాడు మునిరత్నం తల దించుకుని. "మన రాత అంతే."

ఇక ఆ ఊళ్ళో మల్లప్పకు బతుకుదెరువు లేదు. ఆ వారమే పెళ్ళాన్ని తీసుకుని బెంగళూరులో కట్టడం పనికి బయలుదేరాడు. బస్టాండులో మునిరత్నం అన్న కాళ్ళ మీద పడి, ఎవరు లేపినా లేవకుండా ఏడ్చాడు.

"యాల ఏడుస్తావురా? నువ్వేం చేసినావు?" అని తమ్ముడి తల నిమిరి బస్సెక్కాడు మల్లప్ప.

మునీశ్వరికి మొగుడి ఏడుపు చూసినా జాలి కలగలేదు. ప్లాంటు పోయిందని ఏడుస్తున్నాడు అనుకుంది. బస్సు కదిలాక అతను ఎటో వెళ్ళిపోయాడు. ఆమె ఇంటికి వచ్చి, స్నానం చేసి, పాపకు చెప్పాలని చేనికి నడిచింది. బావ పోయిన బాధ, బిడ్డ నిలిచిన సంతోషం, రెండూ కలిసి గుండె బరువెక్కింది.

స్తంభం తీసేసిన చోట గుంత మిగిలింది. దానికవతల, దిబ్బ పక్కన, ఎవరో మనిషి బోర్లా పడుకుని మట్టిని చేత్తో నిమురుతున్నాడు. దగ్గరికి వెళ్ళాక గొంతు గుర్తుపట్టి ఆగిపోయింది.

"నిదరపో తల్లీ. ఇంక నిన్నెవురూ కదిలించరు," అంటున్నాడు మునిరత్నం. "మా అన్నను ఊరు దాటించేసినాను. మీ అమ్మ నాతో మాట్లాడేది మానేసింది. ఎవురికీ చెప్పుకోలేను, నీకొక్కదానికే చెప్తాండాను. దినామూ ఆ అద్దానికి మన్ను పూసింది మీ నాయనే."