ఇనప దున్నపోతు

"ఈ ఇంట్లో ఆ ఇనప దున్నపోతైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది బిందుమాధవి, నెల కిందట.

"అయితే అమ్మేస్తాను" అన్నాడు చంద్రమౌళి. ఆయనకి పౌరుషం జాస్తి. ఆవిడా తక్కువేం తినలేదు. ఆనాటి నుంచి మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు.

దున్నపోతంటే ఇనుమును తిప్పి చెక్కే మూడు టన్నుల పాత లేత్ మిషన్. రిటైరయ్యాక, మూతపడిన ఓ చెరుకు ఫ్యాక్టరీ సామాను వేలం వేస్తుంటే కొన్నాడు. ఒకప్పుడు గానుగ రోలర్లు తయారుచేసిన మిషన్ మీద చంద్రమౌళి అరచేతిలో పట్టే ఆవిరి ఇంజన్లు చేసుకుంటాడు. అనకాపల్లిలో ఆ వీధి వీధంతా నవ్వుతుంది. వీధి నవ్వితే ఆయనకి లెక్కలేదు. పెళ్ళాం మాటే పడలేకపోయాడు.

కొనేవాళ్ళు వస్తున్నారు. సరిగ్గా బేరం కుదిరే వేళకి పక్కింటి జోగి గోడ మీంచి తల పెట్టి మిషన్‌కి ఏదో వంక చెబుతున్నాడు. గానుగలు బాగుచేసే మేస్త్రీ కాబట్టి అతని మాట అందరూ నమ్ముతారు. అదే ఖర్మ.

ఆదివారం విశాఖ నుంచి మోహిత్ అనే కుర్రాడు కొనడానికి వచ్చాడు. ఉద్యోగం కంప్యూటర్ల మీద, సరదా ఇనుము మీద.

"మా ఇంట్లో బల్ల మీద పెట్టుకునే లేత్ ఉంది సార్. ఇనుము తగిలితే వణికిపోద్ది. ఇది కదలదు. దీని బరువే దీని విలువ. పెద్దదాని మీద చిన్న పని చేసుకోవచ్చు, చిన్నదాని మీద పెద్ద పని అవదు కదా. నేను తీసుకుంటాను."

పని తెలిసినవాడి చేతికే వెళుతోందన్న తృప్తి, వెళ్ళిపోతోందన్న దుఃఖం, రెండూ కలిశాయి చంద్రమౌళికి. సరేనని తల ఊపాడు.

"దీని అడుగు బెడ్డు అరిగిపోనాది బాబూ" అన్నాడు జోగి గోడ మీంచి. "ఈ సివర ఓ కొలత, ఆ సివర ఓ కొలత. లారీ కిరాయి కూడా దండగ."

"అబద్ధం. కొలిచి చూపిస్తాను" అన్నాడు చంద్రమౌళి. మోహిత్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"నా మీద నీకు కచ్చేటి జోగీ?" అన్నాడు చంద్రమౌళి.

"ఉన్న మాట సెప్పేను."

బిందుమాధవి వీధిలోకి వచ్చి నలుగురూ వినేలా తిట్టింది. "నీ నోరు పడిపోను. ఈ దరిద్రం వదిలిపోద్దనుకుంటే అడ్డుతగుల్తావేటి? నీ సొమ్మేటి పోయింది?"

జోగి లోపలికి పోయాడు. చంద్రమౌళి షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి మోటారు చప్పుడు మొదలైంది.

అది విన్నాక బిందుమాధవి పెరటి గోడ దగ్గరికి వెళ్ళి, జోగికి టీ గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించి అంది: "రేపు సబ్బవరం నుంచి ఇంకొకడు వత్తన్నాడు, ఆడికీ ఇలాగే సెప్పు అన్నయ్యా, అది గానీ పోయిందంటే ఈయన రిటైరైన కొత్తలోలాగ మళ్ళీ మంచమెక్కేత్తారు."