సీటు నాలుగు వేళ్ళు దిగింది

"నా సైకిలేదీ?"

మూడు నెలల తర్వాత ఇంటికొచ్చిన మనిషి గుమ్మంలో అడిగిన మొదటి మాట అది. భుజాన సంచి దించలేదు, బూట్లు విప్పలేదు. మెట్ల కింద, సైకిల్ ఉండాల్సిన చోట ఖాళీ గోడ అతన్ని చూసి వెక్కిరిస్తోంది.

భార్య నడుం మీద చేతులు వేసుకుంది. "నేను బాగానే ఉన్నానండీ. మీరు అడక్కపోయినా చెబుతున్నా."

"అది కాదే, సైకిలు..."

"దాని సంగతి అమ్మ చూసుకుంటోంది. అమ్మనడగండి."

"అత్తయ్యగారా!" అతని గుండె జారి అరికాళ్ళలోకొచ్చింది. ఆవిడకీ ఆ సైకిల్‌కీ క్షణం పడదు. మెట్లు దిగేటప్పుడు కాలికి తగిలిందంటూ "నీ దుంపతెగ" అని దాన్ని తిట్టని రోజు లేదు. పోయిన నెల ఫోన్లో కూడా, "అల్లుడుగారూ, దేశాలన్నీ తొక్కుతూనే ఉన్నారుగా, ఇంట్లో ఇదొకటి ఎందుకు అడ్డం?" అనేసింది.

"ఎక్కడున్నారావిడ?"

"బజారుకెళ్ళింది. వచ్చేస్తుంది, ముందు కాళ్ళు కడుక్కోండి."

వినడానికి అతను అక్కడుంటేగా! అప్పటికే వీధిలో పడ్డాడు.

సైకిల్ మీద తిరిగి, తిరిగింది పుస్తకాలుగా రాయడం అతని పని. పరాయి దేశాల్లో ఎన్ని అద్దె సైకిళ్ళు తొక్కాడో! ఒకటి హ్యాండిల్ ఎడమకి లాగేది. ఇంకొకటి పెడలు వెనక్కి తొక్కితే గానీ ఆగేది కాదు. వాటి మీద కూర్చున్నంతసేపూ తెలియనివాళ్ళ పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్నట్టే ఉండేది. ఇంట్లో సైకిల్ ఎక్కితేనే ఒళ్ళు ఒళ్ళులా ఉంటుంది.

ముందు పాత ఇనుము కొట్టుకి పరుగెత్తాడు.

"సైకిలా? మీ ఇంటి నుంచి పాత కాగితాలు తప్ప ఏమీ రాలేదు సార్," అన్నాడు కొట్టతను తూకం రాళ్ళు సర్దుకుంటూ. "వాటిల్లో సగం మీరు రాసినవే."

ఇంకో రోజైతే కోపం వచ్చేది. ఇప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకుని, సందు చివర సైకిల్ షాపుకి పోయాడు. మెకానిక్ ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"మీ సైకిలా? నిన్ననేగా ఇక్కడికొచ్చింది. రాయిలా ఉంది."

"బతికించావు బాబాయ్!" అతను అక్కడే టైర్ల దొంతర మీద కూలబడ్డాడు.

"సీటు మాత్రం నాలుగు వేళ్ళు కిందికి దింపమన్నారు. దింపేశా."

కూలబడ్డవాడు మళ్ళీ లేచాడు. "నా సీటా? పన్నెండేళ్ళుగా వెంట్రుకవాసి కదలని సీటా? ఎవరు దింపమన్నారు?"

"చెప్పనని మాటిచ్చా."

"పోనీ, ఎందుకు దింపమన్నారు?"

"ఎందుకేంటి రచయితగారూ, కాళ్ళందక!"

అతనికి అంతా అర్థమైపోయింది. సీటుని చూసి, తొక్కే మనిషిని చెప్పగలనని పుస్తకంలో రాసుకున్నవాడు మరి! పొట్టివాడు. కొత్తగా తొక్కుతున్నవాడు. తన సైకిల్ని పట్టుకెళ్ళి వాడెవడికో ధారపోసేశారన్నమాట అత్తగారు!

"ఆ పొట్టివాడి ఇల్లెక్కడ?"

మెకానిక్ తొట్టి మీదికి ఇంకా వంగిపోయాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

అతను తిరిగొచ్చి ఇంటిముందు వీధి మధ్యలో నిలబడ్డాడు. బజారు నుంచి అత్తగారు ఈ దారినే రావాలి. రాగానే అనాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాడు. "అత్తయ్యగారూ, మీరు పెద్దవారు, కానీ..." ఆ కానీ దగ్గరే బండి ఆగిపోతోంది. కానీ తర్వాత ఏమన్నా ఇంట్లో వారం రోజులు తనతో ఎవరూ మాట్లాడరు.

అప్పుడు వినిపించింది గంట. గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు. ఆ గంట ఈ ఊళ్ళో ఇంకే సైకిల్‌కీ లేదు. తనే సముద్రాల అవతల నుంచి తెచ్చి బిగించాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎవడైతేనేం, దానం తీసుకున్నవాడే దాన్ని వెతుక్కోనక్కర్లేకుండా ఎదురు తెస్తున్నాడు. కాళ్ళు పట్టుకునైనా వెనక్కి తీసుకోవచ్చు!

మలుపు తిరిగి వచ్చింది సైకిల్. గీత పడలేదు, రంగు పోలేదు. ముందు వేలాడుతున్న కూరల సంచుల పైన హెల్మెట్ ఒక్కటే కనిపిస్తోంది. పొట్టి మనిషే, సందేహం లేదు. అతను రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడ్డాడు.

సంచుల వెనక నుంచి కేక వినిపించింది. "తప్పుకోండి అల్లుడుగారూ, తప్పుకోండి! తొక్కడమే వచ్చింది, ఆపడం ఇంకా రాలేదు!"