గిన్నె అడుగు

భక్తితో చేసిన కీడు దేవతకు కీడుగా కనిపిస్తుందా, సేవగా కనిపిస్తుందా? ఏళ్లుగా నాకున్న సందేహం ఇది. గుయిలాన్‌ను చూశాక అది మరీ ఎక్కువైంది.

చైనాలో మందుమూలికలకు పేరుపడ్డ మా బోజౌలో ఆవిడ ఇల్లు పొద్దున్నే కంపు కొట్టేది. పొయ్యి మీద కుండలో హెషౌవు అనే మూలిక దుంప, ఎండు వానపాములు, కీచురాళ్ల డొల్లలు. తడిసిన బూట్లు ఉడకబెట్టినట్టుండేది ఆ వాసన. నల్లటి జిగురు కషాయం, పైన బూడిదరంగు నురగ. మెట్లు దిగే పక్కింటివాళ్లు ముక్కు మూసుకుని పరుగెత్తేవారు.

సంతానమిచ్చే గ్వాన్‌యిన్ దేవికి అగరొత్తి వెలిగించి, ఆవిడ ఆ గిన్నెను కోడలు షువాంగ్ ముందు పెట్టేది. కొడుకు చాంగ్లిన్ తల వంచుకుని నూడుల్స్ తింటూ ఉండేవాడు.

"అత్తయ్యా, ఈ కంపుకే కడుపులో తిప్పుతోంది."

"తిప్పనీ. నెల తప్పినా ఇలాగే తిప్పుతుంది. ఇప్పట్నించే అలవాటు చేసుకో!"

పిప్పి పట్టుకుని గుయిలాన్ కిందికి వెళ్లేది. దాన్ని రోడ్డు మీద పోస్తే, తొక్కినవాళ్ల కాళ్లతో రోగం వెళ్లిపోతుందని మా నమ్మకం. తిరిగొచ్చి గిన్నె అడుగు చూసేది. తూము, పూలకుండీలు, చెత్తబుట్ట వంగి వాసన చూసేది. ఎక్కడా చుక్క ఒలికి ఉండేది కాదు.

"కోడలంటే ఇలా ఉండాలి!" అనేది.

ఒకరోజు చాంగ్లిన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆస్పత్రికి రా. మందు పొట్లం కూడా పట్టుకురా."

బారసాలకు మా ఆచారం ప్రకారం ఎర్రరంగు వేసిన గుడ్లు ఎవరెవరికి పంచాలో అనుకుంటూ గుయిలాన్ పరుగున వెళ్లింది.

గదిలో షువాంగ్ ఏడుస్తోంది. డాక్టరు ఔయాంగ్ పొట్లం విప్పి మొహం తిప్పుకుంది.

"ఇది పచ్చి దుంప! విషం పోయేలా నల్ల సోయా గింజల రసంలో ఆవిరి పట్టలేదా?"

"పడితే సారం పోతుంది డాక్టరమ్మా. కొండల్లో మూలికలు తవ్వి అమ్మేవాడు ఇచ్చిన అసలు సరుకు."

"ఆవిరి పట్టినదైనా వైద్యుణ్ణి అడక్కుండా, రక్తపరీక్ష లేకుండా నెలల తరబడి పట్టిస్తారా? ఛీ! కాలేయం పాడైపోయింది. ఇంకొన్నాళ్లు తాగితే ప్రాణమే పోయేది."

గుయిలాన్ కోడలి గడ్డం పట్టి మొహం పైకెత్తింది.

"బుగ్గలు చూడండి, ఎంత ఎర్రగా ఉన్నాయో! దీనికేం రోగం?"

అప్పుడు వెనక మంచం మీంచి చాంగ్లిన్ తెర పక్కకి లాగి, పసుపు పూసినట్టున్న కళ్లతో తల్లి వైపు చూసి అన్నాడు: "లోపం నాదేనని పరీక్షల్లో ఎప్పుడో తేలిందమ్మా, అందుకే నువ్వు కిందికి వెళ్లినప్పుడల్లా ఆ కషాయం నేనే తాగాను."