చివరి ముక్క

తాళాల మేస్త్రీ మిషన్ ఆపి ఫోన్ అందుకున్నాడు. తాళంచెవులు కోసే మోతలో రింగు వినబడదు కాబట్టి, పని ఉన్నవాళ్ళంతా వాయిస్ మెయిల్లోనే చెప్పి పెడతారు. గంటకోసారి అవన్నీ వినడం అతని అలవాటు.

"నమస్కారమండీ. మీ ఇంట్లో తాగే నీళ్ళు..."

చటుక్కున కట్ చేశాడు.

"మళ్ళీ ఇదే. వారం నుంచి ప్రాణం తోడేస్తోంది. ఇది దొరికిందంటే నోటికి తాళం వేసి, తాళంచెవి మురిక్కాలవలో పారేస్తా."

భార్య క్యారియర్ బల్ల మీద పెట్టింది. "ఎప్పుడైనా పూర్తిగా విన్నారా?"

"దాని సోది నాకెందుకు? నోరు విప్పగానే తెలిసిపోతుంది."

"ఏం తెలిసింది?"

"ఫిల్టర్లు అంటగట్టే రకమని."

"పక్క కొట్లో చెప్పులు కుట్టే ఆయనకి కూడా మొదటి మాటకే తెలిసిందట. 'ఏమ్మా, కొత్త ఉద్యోగమా' అని అడిగాడు నన్ను."

మేస్త్రీ తలెత్తాడు.

"చేరి పదిహేను రోజులైంది. మీకు చెబుదామని నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ 'ఇక ఆపు' అన్నారు."

"నాతో ఒక్క మాట చెప్పకుండా..."

"ఆ రికార్డింగ్ చివర్లో ఇంకో ముక్క కూడా చదివాను." భార్య గొంతు తేనెలా మారింది. అచ్చం ఫోన్లో గొంతే. "ఈ సందేశాలు వద్దనుకుంటే, ఇదే నంబరుకి ఫోన్ చేసి తొమ్మిది నొక్కండి. మిమ్మల్ని మళ్ళీ విసిగించము."

అతను ఫోన్ వంక చూశాడు.

ఆమె కొట్టు మెట్లు దిగుతూ, మళ్ళీ తన మామూలు గొంతుతో అంది:

"ఒక్కసారి చివరిదాకా విని ఉంటే, వారం కిందటే నా నోరు మూయించేవారు."