రొట్టెలో చుట్టిన పన్ను

“అక్కా, ఆ పన్ను పారెయ్యకు. నాకివ్వు.”

పళ్ళ డాక్టరు గుమ్మం దిగుతున్న బాల్‌జాన్ బిత్తరపోయింది.

అడిగినవాడు ముసలివాడు. బోసినోరు, వణికే చేతులు, నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. ఎనభైకి తక్కువుండవు. ఆమెకి యాభై అయిదు.

“తాత వయసుండి నన్ను అక్కా అంటావేంటి? నా పన్ను నీకెందుకు? నీ నోట్లో పెట్టుకుంటావా?”

ఆయన నవ్వాడు. “పరీక్షకి పంపిస్తాను. బాంబుల కాలంలో మనమెక్కడ ఉన్నామో పన్ను చెబుతుంది. నీకింకా కార్డు రాలేదట కదా, ఆఫీసులో నీ పేరు చూశాను.”

పన్ను చెప్పడమేంటి? బాల్‌జాన్‌కి తలా తోకా తెలియలేదు.

కార్డు రాని మాట మాత్రం నిజం. మెడ మీద గడ్డ కోడిగుడ్డంత అయింది. అణుబాంబు పరీక్షల బాధితురాలని సర్కారు కార్డుంటేనే సెమెయ్ పట్నం ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. కార్డుకి, బాంబు పేలిన 1953 ఆగస్టులో ఆమె తన ఊరు అక్‌బులాక్‌లో ఉన్నట్టు రుజువు కావాలి. ఇప్పుడా ఊరే లేదు. బడి కాగితాలు కాలిపోయాయి. సాక్ష్యం చెప్పడానికి ఊరివాళ్ళలో ఎవరు బతికున్నారో తెలియదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ పంటినొప్పి. నోట్లో ఉన్నవన్నీ బంగారు పళ్ళే, సొంతది ఇదొక్కటే మిగిలింది. అదీ ఇవాళ పీకేశారు.

“పరాయివాడి చేతికి పన్నిస్తే చేతబడి చేస్తాడని మా అమ్మ చెప్పేది. పో, పో!”

“పరాయివాణ్ణా? అక్కా, నేనూ...”

ఆమె అప్పటికే రోడ్డు దాటేసింది.

“కుక్కకి మాత్రం వెయ్యకక్కా!” వెనకనుంచి అరిచాడు.

ఇంటికెళ్ళి ఆమె అదే చేసింది. ఊడిన పన్ను రొట్టెలో చుట్టి కుక్కకి వెయ్యడం తాతలనాటి ఆచారం. కుక్క గుటుక్కున మింగేసింది. పీడ వదిలిందనుకుంది బాల్‌జాన్.

పదిరోజులకి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కార్డు మంజూరైందట!

“రుజువెక్కడిది?” అని అడిగింది అయోమయంగా.

“మీ ఊరాయనే సాక్ష్యం ఇచ్చాడు పెద్దమ్మా,” అంది గుమాస్తా సౌలే. “పళ్ళ డాక్టరు గుమ్మం ముందు కూర్చునేవాడు, చూడలేదా? బాంబు రేడియేషన్ పంటిలో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది కదా, మొదట తన పళ్ళే పరీక్షకి పంపాడు. తర్వాత ఇంకో నలభైమందివి పంపి కార్డులిప్పించాడు.”

బాల్‌జాన్ సిగ్గుతో చచ్చిపోయింది. “అయ్యో, ఆ తాతని నోటికొచ్చినట్టు అన్నానే! ఎక్కడుంటాడు? వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“మొన్న శుక్రవారం పోయాడు.” సౌలే గొంతు తగ్గించింది. “తాతేంటి పెద్దమ్మా, యాభై ఒకటే. జబ్బు ఆయన్నలా చేసింది.”

బాల్‌జాన్ కాగితం అందుకుంది. తోలెగెన్ అనే సంతకం పైన, వంకర అక్షరాలు.

“ఆ ఆగస్టులో బాల్‌జాన్ అక్క మా పక్కింట్లోనే ఉంది. మొదటిసారి ఊడిన నా పాలపన్నుని రొట్టెలో చుట్టి, నా ఏడుపు మాన్పించి, కుక్కకి వేసింది ఆవిడే.”