పెరిగిన అంకె

హైదరాబాదు నుంచి వచ్చిన కవరు చింపి జహీర్ రిపోర్టు చూశాడు. కాలేయంలో క్యాన్సర్ గడ్డ ముదిరేకొద్దీ నెత్తురులో పెరిగే ప్రోటీన్ పరీక్ష అది. పోయిన నెల నాలుగు వందలు. ఈసారి రెండు వేల వంద.

కరీంనగర్‌లో ఈ ల్యాబు పెట్టి పన్నెండేళ్లు. ఇలాంటి కాగితాలు ఇచ్చి ఇచ్చి అతని ప్రాణం విసిగిపోయింది.

"ఎంతున్నది బిడ్డా?" బల్లకు అవతల నిలబడ్డ జానకీబాయి అడిగింది. నెత్తురు ఆమె భర్తది. ఆయన మంచం పట్టి నెల దాటింది.

"రెండు వేల వందమ్మా."

ఆమె చేతులు జోడించింది. "పెరిగింది. అంకె పెరిగితె నడుసుకుంట గుట్టెక్కుతనని కొండగట్టు అంజన్నకు మొక్కిన. రేపే పోత."

రక్తం తక్కువైన వాళ్లు అలాగే మొక్కుతారు. వాళ్లకు అంకె పెరగడమే మేలు. ఇది ఆ పరీక్ష కాదని చెప్పబోయి, జహీర్ ఆగాడు.

"పెరిగితె మంచిదని ఎవరు చెప్పిండ్రమ్మా?"

"మా ఆయననే. నేను ఏడుస్తుంటె పక్కన కూసోబెట్టుకొని మంచిగ సమజ్ చేసిండు. ఎంత పెరిగితె అంత నయమైతున్నట్టట."

"ఆయనేం పని చేసేటోళ్లు?"

"హైస్కూల్ల ముప్పై ఏండ్లు సైన్సు చెప్పిండు బిడ్డా."

జహీర్ కాగితం మడిచి కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"సారు చెప్పినంక ఇంకేమున్నదమ్మా. గుట్టెక్కేటప్పుడు జర పైలం. సారుకు నా సలాం చెప్పు."